జీతం పెరిగితే కార్డు పోవాలా?

సంపాదకులకు,

నగరంలోని బస్తీల్లో జీతం పెంచుతామన్నా "జీతమంతా చేతికే ఇవ్వండి సార్, బ్యాంకులో వేయకండి" అని బతిమాలే సెక్యూరిటీ గార్డులు, హౌస్‌కీపింగ్ మహిళలు ఎందరో. పని చేయడం ఇష్టంలేక కాదు, లెక్క చూసుకునే అలా అడుగుతున్నారు.

తెలంగాణ పట్టణాల్లో ఆహార భద్రత కార్డుకు (రేషన్ కార్డుకు) కుటుంబ వార్షికాదాయం 2 లక్షలు దాటకూడదు. 2014లో గీసిన గీత అది. నెలకు 16,000 వచ్చే గార్డుకు ఏడాదికి 1,92,000, కాబట్టి ఇబ్బంది లేదు. జీతం 17,500 అయితే 2,10,000. గీత దాటేశాడు. పెరిగింది నెలకు 1,500. పోయేదెంత? నలుగురున్న ఇంటికి మనిషికి 6 కిలోల చొప్పున 24 కిలోల సన్నబియ్యం. బయట కిలో 45కే దొరికిందనుకున్నా 1,080. గృహజ్యోతి ఉచిత కరెంటు కూడా ఆ కార్డు మీదే నడుస్తుంది. నెలకు 150 యూనిట్లు కాల్చే ఇంటికి ఎనర్జీ చార్జీ ఒక్కటే 580. రెండూ కలిపి 1,660. రాయితీ గ్యాస్ బండను ఇంకా లెక్కేయనేలేదు. భార్య నాలుగిళ్లలో అంట్లు తోమి తెచ్చేది కూడా ఈ లెక్కలో లేదు. దానికి పేస్లిప్ ఉండదు, ఎవరి కంటా పడదు. దొరికిపోయేది బ్యాంకులో జీతం పడేవాళ్లే.

కరెంటుదీ ఇదే వరస. 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు. 201 అయితే ఆ ఒక్క యూనిట్‌కే కాదు, మొత్తానికీ కట్టాలి, అదీ పై స్లాబు రేటుతో. వెయ్యి రూపాయల పైమాటే. ఇంట్లో మోటారు మిషన్ మీద చీరలకు ఫాల్, పీకో కుట్టే ఆడవాళ్లు ఏప్రిల్, మే నెలల్లో కూలర్ కూడా తిరుగుతుంటుంది కాబట్టి నెల చివరి వారం మీటరు చూసి మరీ చీరలు వెనక్కి పంపుతారు. పెళ్లిళ్ల సీజన్ కూడా అప్పుడే.

చేతికి జీతం తీసుకోవడంలో అసలు నష్టం వేరే ఉంది. అది లెక్కల్లోకి రాదు, ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) చందా పడదు. 16,000 జీతానికి ఈఎస్ఐ కింద కార్మికుడు కట్టేది 0.75 శాతం, అంటే 120 రూపాయలు. యజమాని వాటా 3.25 శాతం, 520. ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకు చందా పడితే, జబ్బుపడి సెలవు పెట్టినప్పుడు ఏడాదికి 91 రోజుల దాకా 70 శాతం జీతం వస్తుంది. కాన్పుకు 26 వారాల పాటు పూర్తి జీతం. కార్డు పోతుందన్న భయంతో మనవాళ్లు వదులుకుంటున్నది దీన్ని. మ్యాన్‌పవర్ ఏజెన్సీకి మాత్రం వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టే. ఆ 520తో పాటు పీఎఫ్ వాటా కూడా మిగులుతుంది.

కార్డు ఉన్నవాళ్లు బియ్యం కోసం కూలి పోగొట్టుకోవడం మాత్రం ఇప్పటికిప్పుడే తగ్గించుకోవచ్చు. సొంత బస్తీ షాపుకే వెళ్లనక్కర్లేదు, పనిచేసే చోటికి దగ్గరున్న షాపులోనైనా ఇస్తారు. కార్డులో పేరున్న ఎవరు వేలు పెట్టినా చాలు. సిమెంటుకు, సబ్బునీళ్లకు వేళ్ల గీతలు అరిగిపోతే ఈ-పాస్ మిషన్ పట్టదు. అప్పుడు కనుపాపతో తీసుకోమని అడగాలి.

2023 డిసెంబరు 9న మొదలైన మహిళల ఉచిత బస్సు ప్రయాణం చూడండి. దానికి ఆదాయంతో పని లేదు. అందుకే జీరో టికెట్ పోతుందని ఎవరూ పని తగ్గించుకోవడం లేదు. దూరమైనా నాలుగు డబ్బులెక్కువ ఇచ్చే ఇంటికి వెళ్తున్నారు. అన్నీ అలా అందరికీ ఇవ్వమని మేం అడగడం లేదు. ఈఎస్ఐ పద్ధతి చాలు. అక్కడ పరిమితి 21,000. ఏప్రిల్-సెప్టెంబరు, అక్టోబరు-మార్చి చందా కాలాల మధ్యలో జీతం ఆ పరిమితి దాటినా, ఆ కాలం ముగిసేదాకా కార్మికుణ్ని బయటికి తోయరు. ఆహార భద్రత కార్డుకు ఆదాయ పరిమితి పెట్టేది రాష్ట్రమే. పౌర సరఫరాల శాఖ ఆ గడువును ఇక్కడ కనీసం ఏడాదిగా పెట్టాలి. కనీస వేతనాలు సవరించినప్పుడల్లా 2 లక్షల గీతను కూడా జరపాలి. గడువు తీరాక ఆపక తప్పదంటే ముందు బియ్యం ఆపండి. గ్యాస్, కరెంటు రాయితీలను అదే నెలలో తెంచకండి.

- బస్తీల్లో పథకాల దరఖాస్తులు నింపిపెట్టే కార్యకర్తలు, హైదరాబాద్