స్లైసర్ కొనేముందు బ్లేడు కొలవండి

సంపాదకుల వారికి,

మీ ప్రవాస పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. అమెరికాలో మూతపడ్డ రెస్టారెంట్ల సామాను వేలంలో చవగ్గా దొరుకుతుందనీ, మాంసం కోసే స్లైసర్ అయితే స్విచ్ వేసి మోటారు తిరిగితే చాలు, కళ్లు మూసుకుని కొనేయవచ్చనీ రాశారు. మొదటి మాట నిజమే. రెండోది నమ్మినవాళ్లు మాత్రం నష్టపోతారు. ఈ యంత్రంలో మోటారు చాలా మొండిది, అంత తేలిగ్గా పాడవదు. అన్నిటికంటే ముందు అరిగేది బ్లేడు.

వేలాల్లో ఎక్కువగా కనిపించేవి హోబార్ట్, గ్లోబ్, బెర్కెల్, బిజెర్బా కంపెనీలవి. రోటర్‌డామ్‌లో మాంసం కొట్టు నడిపిన విల్‌హెల్మ్ వాన్ బెర్కెల్ 1898లో తెచ్చిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. పళ్లెంలా గుండ్రంగా తిరిగే కత్తి, దాని ముందు అటూ ఇటూ జరిగే క్యారేజీ, ముక్క మందాన్ని నిర్ణయించే గేజ్ ప్లేటు, అంతే. ఇరవై, ముప్పై ఏళ్లు వాడినా మళ్లీ మొదటి స్థితికి తేవచ్చు. అయితే ఏ భాగం అరిగిందో తెలిసి కొనాలి.

చూడటానికి వెళ్లేటప్పుడు స్టీలు స్కేలు, టార్చిలైటు, కోతకు తట్టుకునే గ్లవ్స్ వెంట ఉంచుకోండి. ముందు ప్లగ్ పీకించండి. తర్వాత బ్లేడు ఈ అంచు నుంచి ఆ అంచుకు, మధ్య మీదుగా కొలవండి. 12 అంగుళాల యంత్రమని చెబుతారు కానీ కొన్ని మోడళ్లలో కొత్త బ్లేడే 11¾ అంగుళాలు ఉంటుంది. కాబట్టి అసలు కొలత మాన్యువల్‌లో చూసి వెళ్లాలి. కొత్తదాని కంటే అర అంగుళం తగ్గిందంటే ఆ బ్లేడు పని అయిపోయినట్టే లెక్క. సాన పట్టిన ప్రతిసారీ కత్తి కాస్త చిన్నదవుతుంది. చిన్నదైన కొద్దీ దానికీ గేజ్ ప్లేటుకూ మధ్య సందు పెరుగుతుంది. మెత్తటి మాంసం ఆ సందులోకి దిగి తెగకుండా చిరుగుతుంది. సాన రాయి కూడా అంచును సరిగ్గా అందుకోదు. అప్పుడు ఎంత పదును పెట్టినా పల్చటి ముక్క రాదు. తప్పు తమ చేతిదే అనుకుని జనం ఇంకా ఇంకా సాన పడతారు, బ్లేడు ఇంకా అరిగిపోతుంది. కొత్త బ్లేడు ధర ముందే కనుక్కుని, దాన్ని వేలం పాటలో తగ్గించుకోవాలి. పాత క్రోమ్ పూత బ్లేడు మీద పొట్టు లేస్తుంటే కొలత బాగున్నా వద్దు. ఆ పొట్టు మాంసంలోనే పడుతుంది.

తర్వాత గ్లవ్స్ వేసుకుని బ్లేడు మధ్య భాగం పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపి చూడండి. టకటకమని ఆడితే బేరింగు పోయింది. క్యారేజీని వేలితో తోయండి. బాగున్నది నీళ్ల మీద పడవలా జారుతుంది. బరువుగా కదిలిందని బేరం మానుకోనక్కర్లేదు. నూటికి తొంభై పాళ్లు అది పాత నూనె బంకగా గడ్డకట్టడమే. కానీ జారే కమ్మీ మీద గోరుకు తగిలేంత గీత ఉంటే కమ్మీ, దాని మీద జారే బుష్షులు రెండూ మార్చాలి. మందం నాబ్‌ను సున్నాకు తిప్పినప్పుడు గేజ్ ప్లేటు కత్తి అంచును పూర్తిగా కప్పాలి. కప్పకపోతే, ఎవరో దాన్ని పట్టుకుని యంత్రం ఎత్తి ప్లేటు వంచేసి ఉండొచ్చు. ఇవి నలభై, యాభై కిలోలు తూగే యంత్రాలు. మీరు ఎత్తినా అడుగు దిమ్మె పట్టుకునే ఎత్తండి, ఇద్దరు ఎత్తండి.

మోటారు నేమ్‌ప్లేటు మీద ఫేజ్ ఎంతో చూడండి. 3 అని ఉంటే అది త్రీ ఫేజ్. అమెరికా ఇళ్లలో సాధారణంగా ఆ కరెంటు ఉండదు. సింగిల్ ఫేజ్ నుంచి త్రీ ఫేజ్ ఇచ్చే డ్రైవ్‌లు దొరుకుతాయి కానీ, వాటి ఖర్చు కలిపితే చవక బేరం కాస్తా ఎగిరిపోతుంది. స్విచ్ వేస్తే గుయ్యిమని తిరగకుండా ఉండి, బ్లేడును చెక్క ముక్కతో నెడితే తిరగడం మొదలైతే, మోటారును మొదట తిరిగేలా చేసే కెపాసిటరో సెంట్రిఫ్యూగల్ స్విచ్చో చెడి ఉంటుంది. ఇది చిన్న ఖర్చే. అమ్మేవాడు మోటారు కాలిపోయిందనుకుని ధర తగ్గిస్తాడు, మీకు లాభం. విప్పేటప్పుడు మాత్రం కెపాసిటర్‌లో నిలవున్న కరెంటును రెసిస్టర్‌తో వదిలించాకే చెయ్యి పెట్టండి.

ఇంటికి తెచ్చాక మొదటి పని శుభ్రం చేయడం. చూడటానికి తళతళలాడుతున్నా నమ్మొద్దు. కత్తి చుట్టూ ఉండే రింగ్ గార్డు వెనక, గేజ్ ప్లేటు అడుగున ఏళ్లనాటి కొవ్వు మైనంలా పేరుకుని ఉంటుంది. కంపు అక్కడిదే. ఫ్రిజ్ చల్లదనంలోనూ పెరిగే లిస్టీరియా అనే సూక్ష్మజీవి దాక్కునేది కూడా ఇలాంటి సందుల్లోనే. పగిలిన సీళ్లు, ఊడిన గాస్కెట్ల గురించి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దుకాణదారులను ప్రత్యేకంగా హెచ్చరించింది కూడా.

ప్రతి మెట్టులో ఫోన్‌తో ఫోటో తీస్తూ క్యారేజీ, సాన పట్టే పరికరం, రింగ్ గార్డు విప్పండి. బ్లేడు విప్పే ముందు దాని అంచుకు నిలువునా చీల్చిన ప్లాస్టిక్ గొట్టం తొడగండి. యంత్రం తిరుగుతున్నప్పుడే కాదు, ఆగిన బ్లేడును విప్పేటప్పుడు కూడా చెయ్యి తెగుతుంది. దాన్ని బిగించే స్క్రూలు కొవ్వు, తుప్పు పట్టి కరుచుకుని ఉంటాయి. తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలేయండి, తర్వాత తలకు సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరే వాడండి. మధ్యలో ఒకే నట్టు ఉండే రకాల్లో మర వ్యతిరేక దిశలో ఉండొచ్చు. బలప్రయోగం చేసే ముందు మాన్యువల్ చూసుకోండి.

విప్పిన భాగాలను వేడినీళ్లలో గిన్నెలు తోమే సబ్బు వేసి నానబెట్టి ప్లాస్టిక్ గరిటెతో గీకండి. యంత్రం ఒళ్లు ఎక్కువగా అల్యూమినియం పోత. దీనికి ఓవెన్ క్లీనర్ గానీ వాషింగ్ సోడా గానీ తగిలితే నల్లబడి గుంటలు పడుతుంది. డిష్‌వాషర్‌లో పెట్టినా అంతే. చింతపండుతో తోమడం ఇత్తడి బిందెకు బాగుంటుంది, దీనికి పనికిరాదు. మోటారు ఉన్న దిమ్మె మీద నీళ్లు పొయ్యకండి, పిండిన గుడ్డతో తుడవండి. రంగు వేసిన పాత యంత్రమైతే ఇంకో జాగ్రత్త ఉంది. అమెరికా 1978లో ఇళ్ల రంగుల్లో సీసాన్ని నిషేధించింది, ఆ నిషేధం పరిశ్రమల యంత్రాల రంగులకు వర్తించలేదు. కాబట్టి ఎమ్రీ పేపరు పట్టే ముందు సీసం పరీక్ష చేయించాలి. పొట్టు లేచే రంగు యంత్రాన్ని ఇంటికి తేకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

జారే కమ్మీల మీది బంకను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కరిగించి తుడిచి, ఆహార యంత్రాలకు వాడే తెల్ల మినరల్ ఆయిల్ రెండు చుక్కలు వేయండి. వంటింట్లో ఉంది కదా అని వేరుశెనగ నూనో కొబ్బరి నూనో వేయొద్దు. వేరుశెనగ నూనె గాలి తగిలి మూకుడు అంచున పేరుకునే జిడ్డులాగే గట్టిపడుతుంది. కొబ్బరి నూనె చలికి గడ్డకడుతుంది, పాతబడితే ముక్కవాసన కొడుతుంది. మీరు కరిగించి తీసిన బంకలో సగం ఎవరో ఇలా పోసిన నూనే అయి ఉంటుంది.

కరెంటు వైరు మీది రబ్బరు పగిలి ఉంటే మార్చండి. ప్లగ్గు మూడో పిన్నుకూ (ఎర్త్) యంత్రం ఒంటికీ మధ్య మల్టీమీటర్‌తో చూస్తే రెసిస్టెన్స్ ఒక ఓమ్ లోపు రావాలి. వంటగది ప్లగ్గులో పెట్టగానే జీఎఫ్‌సీఐ, అంటే కరెంటు లీకైతే ఆపేసే రక్షణ స్విచ్, పదేపదే పడిపోతుంటే తప్పు దానిదని కొట్టిపారేయకండి. మోటారు చుట్టలో తేమ చేరి కరెంటు లీకవుతూ ఉండొచ్చు. ఆ స్విచ్‌ను తప్పించి వేరే ప్లగ్గులో పెట్టి నడపకండి.

ఇక పదును. ఈ యంత్రాలకు రెండు రాళ్లు ఉంటాయి, ఒకటి అరగదీసేది, రెండోది నునుపు చేసేది. ముందు బ్లేడును సబ్బుతో, తర్వాత ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. జిడ్డు బ్లేడు మీద పెడితే రాయి రంధ్రాలు కొవ్వుతో పూడిపోయి అద్దంలా జారుతుందే గానీ కోయదు. అలా పూడిన రాళ్లను ఆల్కహాల్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి, బాగుపడకపోతే మార్చండి. బ్లేడు ఆగి ఉన్నప్పుడు అంచు వాలు మీద నల్ల మార్కర్‌తో అక్కడక్కడా గీతలు గీయండి. యంత్రం నడిపి, అరగదీసే రాయిని కొన్ని సెకన్లే ఆనించి, ఆపి ప్లగ్ పీకి చూడండి. గీత పైభాగంలోనే చెరిగి కొస దగ్గర మిగిలితే రాయి కోణం కుదరలేదు, ఎంతసేపు పట్టినా పదును రాదు. గీత కొస దాకా చెరిగితే సరైన చోట తగులుతున్నట్టు. రెండో వైపు సన్నటి మడత లేచే దాకా ఇలా కొద్దికొద్దిగానే పట్టాలి. ఆ మడత లేచిందో లేదో చూడటానికి వేలు వాడకండి. పెన్సిల్‌ను బ్లేడు మధ్య నుంచి బయటి అంచు వైపు లాగితే కొస దగ్గర చిన్నగా పట్టుకుంటుంది. అప్పుడు రెండు రాళ్లూ కలిపి రెండు మూడు సెకన్లు ఆనించి తీసేయండి. అంతకు మించితే నునుపు రాయి మడతను తీయడం మాని కొత్త మడత లేపుతుంది. చివరగా రాతి పొడి అంతా తడిగుడ్డతో మధ్య నుంచి బయటికి తుడవండి. పదును చూడటానికి ఒక పేపరు నాప్కిన్ క్యారేజీ మీద పెట్టి కోస్తే పీలికలు లేకుండా తెగాలి.

దీంతో ఏం కోయవచ్చు? ఎముకలున్న కూర ముక్కలు మాత్రం కుదరవు. మేక ఎముక ఒక్కటి తగిలినా అంచు పెచ్చులూడుతుంది. ఎముకకు పట్టీలా తిరిగే రంపం, అంటే బ్యాండ్ సా కావాలి, అది వేరే యంత్రం. ఎముక తీసిన తొడ మాంసాన్ని పత్థర్ కా గోష్త్‌కు 5, 6 మిల్లీమీటర్ల మందంలో పోగుకు అడ్డంగా కోస్తే బండ మీద మెత్తగా కాలుతుంది. ఉప్పు పసుపు పట్టించి ఎండబెట్టే తునకలకు పోగు వెంట పొడుగ్గా కోయాలి, అడ్డంగా కోస్తే దండెం మీద వేలాడదీసేలోపే తెగిపోతాయి. బిరియానీ ఉల్లిపాయలకు 2 మిల్లీమీటర్లు చాలు. మాంసం గది వేడిలో ఉంటే కత్తి కింద నలుగుతుంది, పూర్తిగా గడ్డకడితే జారి బ్లేడును దెబ్బతీస్తుంది. కిలో ముక్కను గంట, గంటన్నర ఫ్రీజర్‌లో ఉంచి, నొక్కితే బయట గట్టిగా, లోపల కాస్త మెత్తగా ఉన్నప్పుడు కోయండి. అరటికాయ చిప్స్ కూడా చక్కగా వస్తాయి. అవి శాకాహారుల ఇంటికి పంపాలనుకుంటే మాత్రం ఏ యంత్రం మీద కోశారో ముందే చెప్పండి.

కోత అయ్యాక నాబ్ సున్నాకు తిప్పి, ప్లగ్ పీకి, ఊడదీసి కడగాలి. నాలుగు లీటర్ల నీళ్లలో వాసన లేని బ్లీచ్ ఒక చిన్న చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు కలిపి తుడిచి గాలికి ఆరనివ్వాలి. ఎక్కువ వేస్తే ఎక్కువ శుభ్రం కాదు, అల్యూమినియం తినేస్తుంది. చేయి తిరిగినవాళ్లకైనా ఇదంతా ఇరవై నిమిషాల పని. నెలకు రెండు కిలోలు కోసే ఇంటికి ఇది దండగ, మాంసం కొట్టువాడినే కోసివ్వమంటే సరి. నాలుగైదు కుటుంబాలు కలిసి ఒకేసారి పది కిలోలు కోసుకుంటేనే గిట్టుబాటు. ఇంకో సంగతి, అమెరికా కార్మిక చట్టం 18 ఏళ్లలోపు ఉద్యోగులను ఈ యంత్రం నడపనివ్వదు, కడగనివ్వదు. ఇంటికి ఆ చట్టం వర్తించకపోయినా పిల్లలను దగ్గరికి రానివ్వకండి. పాత స్విచ్ ఉన్నవాటిలో కరెంటు పోయి వస్తే బ్లేడు దానంతటదే తిరగడం మొదలవుతుంది కాబట్టి పని లేనప్పుడు ప్లగ్ పీకే ఉంచాలి.

వీటిని ఇండియాకు పంపవచ్చని కూడా మీ వ్యాసంలో ఉంది. అమెరికా యంత్రం 115 వోల్టులు, 60 హెర్ట్జ్. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ తగ్గిస్తుంది గానీ హెర్ట్జ్ మార్చదు. మోటారు ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, 115 వోల్టులే ఇస్తే వేడెక్కుతుంది. నేమ్‌ప్లేటు మీద 50/60 అని రాసి ఉన్నదైతే సరైన ట్రాన్స్‌ఫార్మర్‌తో నడుస్తుంది. లేకపోతే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మోటారే మార్చించుకోవాలి. అడుగు దిమ్మెలో పాతది కూర్చున్న కొలతకు, అదే వేగంతో తిరిగే 50 హెర్ట్జ్ మోటారు వెతకడం తేలిక కాదు. ఆ ఖర్చుకు ఓడ కిరాయి కూడా కలిపి చూసుకుని పంపండి.

— ఒక పాఠకుడు,
కొలంబస్, ఒహైయో