మీరు చూపించిన దారిలోనే మీ సాయం అందలేదు: సెల్ఫ్ డ్రైవ్ కారు డిపాజిట్ కోతపై ఫిర్యాదు

బ్రాంచి మేనేజర్ గారికి,
సెల్ఫ్ డ్రైవ్ కార్ల అద్దె సంస్థ,
విజయనగరం బ్రాంచి.
(కాపీ: హెడ్ ఆఫీసు, కస్టమర్ కేర్ విభాగం)

విషయం: గాలి లేని స్టెప్నీతో కారు ఇచ్చి, దారిలో సాయం చేయకుండా, పైగా డిపాజిట్‌లో రూ.9,600 కోసుకోవడం గురించి.

అయ్యా,

డిసెంబరులో మీ బ్రాంచి నుంచి కారు అద్దెకు తీసుకుని విజయనగరం, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాలు ఒక్కదాన్నే తిరిగి వచ్చాను. కారు అప్పగించాక నా పదివేల డిపాజిట్‌లో నాలుగు వందలు మాత్రమే వెనక్కి వేశారు. మిగతాది ఏమైందంటే మెసేజ్‌లో మూడు పద్దులు చూపించారు: టైరు డ్యామేజి రూ.5,400, రాష్ట్రం దాటినందుకు రూ.3,000, క్లీనింగ్ రూ.1,200. ఫోన్ చేసి అడిగితే "సిస్టమ్ కట్ చేసింది మేడమ్, మా చేతుల్లో ఏమీ లేదు" అన్నారు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. దీనికి మనుషుల నుంచి జవాబు కావాలి.

ఆ డబ్బు నాకు తిరిగి రావాలి. అయితే డబ్బు కంటే ముందు చెప్పాల్సింది సీతంపేట దారిలో జరిగినదాని గురించి.

మీ కౌంటర్ మీద "ఉత్తరాంధ్ర సోలో ట్రిప్" అని ఒక రంగుల కార్డు పెట్టారు. తాటిపూడి రిజర్వాయరు, చింతపల్లి బీచ్, కళింగపట్నం, శాలిహుండం, తేలినీలాపురం, బారువ, అక్కడి నుంచి వెనక్కి తిరిగి శ్రీముఖలింగం, హిరమండలం, సీతంపేట కొండలు, తోటపల్లి, బొబ్బిలి. దారంతా మ్యాపులో గీసి, కింద "ఒంటరిగా వెళ్లండి, వెనకాల మేమున్నాం" అని వేశారు. ఆ మాట నమ్మే నేను బుక్ చేశాను. ఫారంలో రెండో డ్రైవరు అన్న చోట "లేరు" అని రాశాను. అంటే ఈ కారులో ఉండేది ఒక్క మనిషేనని మీకు మొదటి రోజు నుంచే తెలుసు.

కారు తీసుకునేటప్పుడు చుట్టూ వీడియో తీశాను. స్టెప్నీలో గాలి చూశారా అని మీ అబ్బాయిని అడిగాను. "అన్నీ చెక్ చేశాం మేడమ్" అని డిక్కీ మూసేసి, ఫారం మీద స్టెప్నీ, జాకీ, టూల్ కిట్ మూడింటికీ టిక్కులు పెట్టి సంతకం చేశాడు. ఆ ఫారం ఫొటో దీనికి జత చేశాను. ఆ అడగడం, ఆ చెప్పడం రెండూ వీడియోలో వినిపిస్తాయి.

మొదట్లో కారు బాగానే నడిచింది, అబద్ధం చెప్పను. గంట్యాడ మీదుగా తాటిపూడి వెళ్లాను. గోస్తని నీళ్లు నిండుగా ఉన్నాయి, చుట్టూ కొండలు. విశాఖ జనం తాగే నీళ్లలో కొంత అక్కడి నుంచే వెళ్తుందని చాలామందికి తెలియదు. తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు పిల్లలకు మేత పెడుతుంటే చూస్తూ ఎంతసేపు ఉండిపోయానో. ఆ ఊరివాళ్లు వాటిని పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు, చెట్టు కింద గట్టిగా మాట్లాడితే ఒప్పుకోరు. ఉద్దానంలో 2018 అక్టోబరు తిత్లీ తుపానుకు పడిపోయిన జీడి, కొబ్బరి తోటల చోట మళ్లీ పెట్టిన మొక్కలు ఎదిగి కనిపించాయి. మా జిల్లాలు ఇంత బాగుంటాయని నలుగురికీ చెప్పుకోవాలనిపించిన ప్రయాణం ఇది. మీవల్ల ఇప్పుడు నేను చెప్పుకుంటున్నది స్టెప్నీ గురించి.

హిరమండలం దాటి, కొత్తూరు నుంచి సీతంపేట వైపు తిరిగాక కొండల మధ్య మలుపుల్లో వెనక ఎడమ టైరు దిగిపోయింది. సాయంత్రమైపోతోంది. కారు పక్కకు తీసి డిక్కీ తెరిచాను. స్టెప్నీ మీద బొటనవేలు పెట్టి నొక్కితే రబ్బరు లోపలికి పోయింది, పిసరంత గాలి లేదు. టూల్ కిట్ సంచిలో జాకీ ఉంది, దాన్ని తిప్పే రాడ్డు లేదు. నట్లు విప్పే వీల్ స్పానర్ లేదు. ఒక తడి గుడ్డ ఉంది. టిక్కులు పెట్టిన మూడింటిలో ఒక్కటీ పనికొచ్చే స్థితిలో లేదు.

మీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. సిగ్నల్ కోసం రోడ్డు మీద ముందుకీ వెనక్కీ నడవాల్సి వచ్చింది. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అన్నవన్నీ అయ్యాక దొరికినాయనకు తెలుగు రాదు. నాకు వచ్చిన హిందీలో చెప్పాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "మీతో టైరు మార్చడానికి మగవాళ్లెవరైనా ఉన్నారా?" లేరన్నాను. మార్చడానికి టైరే లేదని కూడా చెప్పాను. కాసేపు లైన్‌లో ఉంచి, ఆ ప్రాంతం ఏజెన్సీ కిందికి వస్తుంది, మా రోడ్‌సైడ్ సర్వీసు అక్కడ లేదు, దగ్గర్లో మెకానిక్‌ను మీరే చూసుకోండి, బిల్లు ఉంటే తర్వాత పరిశీలిస్తాం అన్నారు. కాల్ రికార్డ్ అవుతుందని మీ మెషీనే చెప్పింది కదా, తీసి వినండి.

సర్వీసు లేని రోడ్డును సోలో ట్రిప్ అని కార్డు మీద ఎలా వేశారు? నాకు కావాల్సిన అసలు జవాబు ఇదే. సీతంపేటలో మీ సాయం ఉండదని కార్డు మీద లేదు, అగ్రిమెంటులో లేదు, యాప్‌లో లేదు. ఉంటే నేను పాలకొండ మెయిన్ రోడ్డు మీదుగా వెళ్లేదాన్ని, లేదా అసలు వేరే చోట కారు తీసుకునేదాన్ని.

ఆ తర్వాత అటుగా పైనాపిల్ లోడుతో ఒక ట్రాలీ ఆటో వచ్చింది. సవర దంపతులు. ఆయన బండి ఆపి, "ఏటైనాదమ్మా, ఒక్కరే ఉన్నారా? సీకటి పడకముందే ఇక్కడ్నుంచి కదిలిపోవాల, ఏనుగులు దిగతన్నాయి" అన్నాడు. ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగులు కొన్నేళ్లుగా మన్యంలో తిరుగుతున్నాయనీ, మనుషులు చనిపోయారనీ పేపర్లో చదివిందే. చదవడం వేరు, దిగిపోయిన టైరు పక్కన నిలబడి వినడం వేరు. అప్పుడు పడిన టెన్షన్ ఇప్పుడు తలుచుకున్నా చేతులు చల్లబడతాయి.

ఆయన తన జాకీ, తన స్పానర్‌తో టైరు ఊడదీశాడు. స్టెప్నీని ఆటోలో వేసుకుని సీతంపేట వెళ్లి గాలి కొట్టించుకొచ్చాడు. వచ్చేదాకా ఆయన భార్య నా దగ్గరే ఉంది. నేను భయపడుతున్నానని ఆవిడకు అర్థమైంది. పండు ఒకటి కోసి పెట్టి, వాళ్ల పిల్లల చదువుల గురించి మాట్లాడుతూనే ఉంది. డబ్బు ఇవ్వబోతే ఇద్దరూ తీసుకోలేదు. "వెనకాల మేమున్నాం" అని మీరు వేసుకున్నారు. ఆ పని చేసింది వాళ్లు.

సీతంపేట పంక్చర్ షాపులో టైరులోంచి ఒక మేకు తీసి స్ట్రిప్ వేశారు. రూ.120 అయింది, ఫోన్‌పేలో ఇచ్చిన స్క్రీన్‌షాట్ జత చేశాను. స్టెప్నీ వాల్వు దగ్గర సబ్బునీళ్లు వేస్తే బుడగలు వచ్చాయి. "ఇది ఎప్పట్నుంచో లీకు, ఎవరూ చూడలేదు" అన్నాడు షాపు ఆయన. పిన్ను మార్చాడు. అంటే మీ కారు స్టెప్నీని బాగుచేయించి తెచ్చి ఇచ్చింది నేను. ఆ రాత్రి పాలకొండలో ఆగిపోయాను. తోటపల్లి, బొబ్బిలి చూడాలన్న సరదా లేకుండా మర్నాడు తిన్నగా వచ్చేశాను.

ఇప్పుడు మీ మూడు పద్దుల సంగతి.

టైరు డ్యామేజి అన్నారు. తిరిగి ఇచ్చినప్పుడు అదే టైరు, గాలితో, కారుకే ఉంది. పంక్చర్‌కు కొత్త టైరు ఖరీదు వసూలు చేయడం ఏ లెక్క? పైగా ఆ టైరు మీరు ఇచ్చిన రోజే అరిగిపోయి ఉంది. టైరు గాడుల్లో అడ్డంగా చిన్న దిమ్మలు ఉంటాయి, అవి 1.6 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటాయి. రబ్బరు అరిగి వాటికి సమానమైతే టైరు మార్చేయాలని గుర్తు. నా వీడియోలో ఆ దిమ్మలు, పైరబ్బరు ఒకే మట్టంలో కనిపిస్తున్నాయి. పక్కన అచ్చు వేసిన నాలుగంకెలు 3218. అంటే 2018లో 32వ వారం తయారైన టైరు. జీవితం అయిపోయిన టైరుకు కొత్త టైరు డబ్బు నా దగ్గర తీసుకున్నారు. అసలు స్టెప్నీ లేకుండా కారు తిప్పాలంటే ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే ఏర్పాటు, రిపేరు కిట్టు ఉండాలని 2020లో కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చింది. మీరు ఇచ్చిన కారులో పనిచేసే స్టెప్నీ లేదు, గాలి చెప్పే మీటరు లేదు, కిట్టు లేదు.

రాష్ట్రం దాటానన్నారు. దాటలేదు. బారువ తర్వాత ఇచ్ఛాపురం వెళ్లి, అక్కడి నుంచి డొంకూరు తీరానికి వెళ్లి వెనక్కి వచ్చాను. డొంకూరు మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. సరిహద్దు ఆనుకునే ఉంటుంది కాబట్టి అక్కడ నా ఫోన్‌కు కూడా కాసేపు ఒడిశా టవరు తగులుకుంది. మీ ట్రాకర్ అలాగే పొరపడిందో, ఇంకేమైనా జరిగిందో చెప్పాల్సింది మీరు. కారు ఏ సమయానికి ఏ చోట ఉందో పాయింట్లతో సహా లాగ్ పంపండి. నా ఫోన్ మ్యాప్‌లో ఆ రోజు తిరిగిన దారి ఉంది, పక్కపక్కన పెట్టి చూద్దాం. లాగ్ చూపించకుండా జరిమానా వేసే అధికారం మీకెవరూ ఇవ్వలేదు.

క్లీనింగ్ సంగతి రెండు ముక్కల్లో. కళింగపట్నంలో కారును తారు రోడ్డు మీదే ఆపాను, ఇసుకలోకి దించలేదు. మ్యాట్ల మీద చెప్పులకు అంటిన ఇసుక ఉంటుంది, బీచ్‌లకు వెళ్లమని కార్డు ఇచ్చింది మీరే.

నేను కోరేది ఇది. కోసుకున్న రూ.9,600 మొత్తం, పంక్చర్‌కు పెట్టిన రూ.120 డిపాజిట్ కట్టిన ఖాతాకే తిరిగి వేయండి. ఆ కార్డు మీద మీ రోడ్‌సైడ్ సర్వీసు ఎక్కడి దాకా ఉందో, ఎక్కడ లేదో తెలుగులో స్పష్టంగా అచ్చువేయండి, లేదా సీతంపేటలోనో పాలకొండలోనో ఒక మెకానిక్‌తో ఏర్పాటు చేసుకుని ఆ నంబరు వేయండి. అద్దెకిచ్చే ప్రతి కారు స్టెప్నీకి కస్టమర్ ఎదురుగా గేజ్ పెట్టి గాలి చూసి, ఆ అంకె ఫారం మీద రాయండి. టిక్కు చాలదు. హెల్ప్‌లైన్‌లో తెలుగు వచ్చిన మనిషి ఉండాలి. ఒంటరిగా ఉన్న ఆడమనిషిని మగవాళ్లున్నారా అని అడిగే పద్ధతి మానాలి. ఇవన్నీ చేస్తామని ఒక్క పేజీ జవాబు రాస్తే నాకు చాలు. ఆ ఫోన్ ఎత్తిన ఉద్యోగి మీద చర్య తీసుకోమని నేను అడగడం లేదు. ఆయన చేతికి మీరు ఇచ్చిన జాబితాలో మా ఊళ్లు లేవు, అంతే.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పి, తర్వాత విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. మీ హెడ్ ఆఫీసు ఎక్కడున్నా, నేను ఉండే చోటే కేసు వేయవచ్చని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా ఉండదు, లాయరును పెట్టుకోవాలన్న నియమమూ లేదు. వీడియో, ఫారం, స్క్రీన్‌షాట్లు, కాల్ చేసిన సమయాలు అన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఆ కాల్ రికార్డింగును, ట్రాకర్ లాగ్‌ను చెరిపేయకుండా ఉంచమని ఈ ఉత్తరం ద్వారానే కోరుతున్నాను.

ఇట్లు,
మీ కస్టమర్,
కంటోన్మెంట్, విజయనగరం.

జత: అప్పగింత ఫారం ఫొటో, కారు వీడియో, పంక్చర్ చెల్లింపు స్క్రీన్‌షాట్, డిపాజిట్ కోత మెసేజ్, మీ సోలో ట్రిప్ కార్డు రెండు వైపులా ఫొటోలు.