స్టెప్నీని కలిపితే మొదటి నుంచే కలపాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ పత్రికలో టైర్ల రొటేషన్ మీద వచ్చిన వ్యాసం చదివాను. ముందువి వెనక్కి, వెనకవి ముందుకి, ఎనిమిది పదివేల కిలోమీటర్లకోసారి మార్చమన్నారు, అంతవరకూ బాగానే ఉంది, కానీ డిక్కీలో పడున్న ఐదో టైరు ఊసే ఎత్తలేదు. కారున్న చాలామందికి వచ్చే అసలు డౌటు అదే కదా. స్టెప్నీని కూడా వరసలో కలపాలా, పంక్చరైన రోజు కోసం కొత్తగా అట్టే పెట్టుకోవాలా? ఒక మెకానిక్ కలపమంటాడు, ఇంకొకాయన "కొత్త టైరు ఎందుకండీ పాడుచేసుకోవడం" అంటాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. మీ స్టెప్నీ ఎలాంటిది, బండి ఇప్పటికి ఎంత తిరిగింది, ఈ రెండూ తెలియకుండా ఎవరు చెప్పినా అది గాల్లో మాటే.

ముందు తేలిగ్గా తేలిపోయేది చెప్పేస్తాను. డిక్కీలో మ్యాట్ ఎత్తి స్టెప్నీ పక్కగోడ మీద సైజు చదవండి. నాలుగు చక్రాల మీదా 185/65 ఆర్15 అని ఉండి, దీని మీద మాత్రం టి125/80 అంటూ మొదలైతే అది తాత్కాలికం టైరు. సన్నగా ఉంటుంది, గంటకు 80 కిలోమీటర్లు దాటొద్దని స్టిక్కరు ఉంటుంది, గాలి కూడా మామూలు వాటిలా 32, 33 కాదు, 60 పీఎస్ఐ అడుగుతుంది. పంక్చర్ షాపు దాకా చేర్చడమే దాని ఉద్యోగం, రొటేషన్‌లో కలిపే ప్రశ్నే లేదు.

ఇంకో రకం ఉంది, దాంతోనే ఎక్కువమంది బోల్తా పడతారు. కిందున్నవి 16 అంగుళాల అల్లాయ్‌లు, స్టెప్నీ మాత్రం 15 అంగుళాల స్టీలు రిమ్ము మీద ఉంటుంది. చూడ్డానికి నిండు టైరే కాబట్టి తేడా కంటికి ఆనదు, అంకెలు చదివితేనే తెలుస్తుంది. సైజు వేరైతే అదీ పనికిరాదు. సైజు, బ్రాండు, మోడలు అన్నీ ఒకటే అయి రిమ్ము ఒక్కటే స్టీలుదైతే కలపొచ్చు, మూడు అల్లాయ్‌ల మధ్య ఒక నల్ల చక్రం కనబడటం మీకు ఓకే అయితే. అప్పుడు కూడా నట్లు చూసుకోవాలి. కొన్ని బండ్లలో అల్లాయ్ రిమ్ముకి ఒక రకం, స్టీలు రిమ్ముకి ఒక రకం ఇస్తారు, నట్టు ఆనే చోటు ఆకారమే వేరు, ఒకదానిది ఇంకోదానికి బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది గానీ నిలవదు.

ఇక అన్ని విధాలా మిగతా నాలుగింటితో సమానమైన ఐదో టైరు ఉన్నవాళ్ళకి నేను చెప్పేది ఇది: కలిపితే మొదటి రొటేషన్ నుంచే కలపండి, లేదా అసలు కలపకండి. సగం దారిలో మొదలుపెట్టడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి, పైగా నేను చూసినంతలో ఎక్కువమంది చేసేది అదే.

లెక్క వేసి చూడండి. కొత్త కారు టైరు గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే ఆఖరి హద్దు 1.6. అంటే మన చేతిలో వాడుకోడానికి ఉన్న రబ్బరు 6.4 మి.మీ. అది 40,000 కిలోమీటర్లకి అయిపోతుందనుకుందాం, అప్పుడు ప్రతి 8,000కీ 1.3 దాకా అరుగుతుంది. మొదటి 8,000 దగ్గరే స్టెప్నీని దించితే దానికీ పక్క టైరుకీ తేడా ఆ 1.3 మాత్రమే, మామూలు బండికి అది లెక్కలోకి రాదు. అలా కాకుండా 30,000 తిరిగి నాలుగూ 3.2కి వచ్చాక "అరే, ఐదోది ఊరికే పడుందే" అని దించితే తేడా 4.8. టైరుకి రెండు వైపులా కలిపితే వ్యాసంలో దాదాపు ఒక సెంటీమీటరు, చుట్టుకొలతలో 3 సెంటీమీటర్లు. పైన చెప్పిన సైజు టైరు ఒక చుట్టుకి 195 సెంటీమీటర్ల దూరం పోతుంది కాబట్టి, కిలోమీటరు తిరిగేసరికి రెండు చక్రాలకీ 15 మీటర్ల తేడా వస్తుంది. ఆ రెండూ ఇంజన్ తిప్పే ఒకే ఇరుసు మీద ఉన్నాయనుకోండి, బండి తిన్నగా పోతున్నా డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాలూ వేరువేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) లోపలి పళ్ళు మలుపు తిరుగుతున్నట్టే ఒకదానిమీద ఒకటి తిరుగుతూ ఉంటాయి. పంక్చరైన రోజు కాసేపు అలా పోవడం వేరు, నెలల తరబడి అలా తోలడం వేరు. వానలో బ్రేకు కొడితే లోతు గాడి ఉన్న వైపు నీళ్ళు బయటికి పోతాయి, అరిగిన వైపు తేలుతుంది, బండి ఒక పక్కకి లాగుతుంది. నాలుగు చక్రాలకీ ఇంజన్ పవర్ పోయే బండ్లలో అయితే చెప్పక్కర్లేదు, టైర్ల మధ్య 2 మిల్లీమీటర్లకి మించి తేడా ఉండకూడదనే కంపెనీలున్నాయి, ఎందుకంటే అక్కడ దెబ్బ టైరుతో ఆగదు, ముందు ఇరుసునీ వెనక ఇరుసునీ కలిపే కప్లింగ్‌కి తగులుతుంది.

అందుకే బండి సగం జీవితం నాలుగు టైర్లతోనే నడిపేసి ఉంటే స్టెప్నీని ముట్టుకోకండి. ఆ నాలుగూ అయిపోయాక కొత్తవి కొనేటప్పుడు కావాలంటే ఐదు కొని అక్కణ్ణుంచి మొదలుపెట్టొచ్చు.

ఐదు తిప్పితే 25 శాతం ఆదా అని చెప్పేవాళ్ళున్నారు. సగమే నిజం. నాలుగు టైర్లు 40,000 కిలోమీటర్లు వస్తే ఐదు కలిపి 50,000 వస్తాయి, అది కరెక్టే. కానీ తర్వాత ఐదు కొనాలి కదా! నాలుగుకి 40,000, ఐదుకి 50,000, ఎటు చూసినా టైరుకి పదివేల కిలోమీటర్లే. లాభమల్లా బండితో పాటు వచ్చిన ఆ మొదటి స్టెప్నీని వాడుకోవడంలో ఉంది, వాడకపోతే అది డిక్కీలోనే ముసలిదై పోతుంది. రెండో లాభం ఇంతకన్నా పెద్దది. ఏదో గుంతలో పడి ఒక టైరు పక్కగోడ చిరిగిందనుకోండి, దాన్ని బాగుచెయ్యలేం. నాలుగే తిప్పేవాళ్ళు ఒక కొత్త టైరు కొని అరిగిన మూడింటి పక్కన పెట్టుకోవాలి, లేదా జత కొనాలి. ఐదు తిప్పేవాళ్ళ దగ్గర అదే అరుగుదలతో ఇంకోటి సిద్ధంగా ఉంటుంది, దాన్ని శాశ్వతంగా కిందికి దించి, కొత్తగా కొన్నదాన్ని స్టెప్నీగా పెట్టుకుంటే పని అయిపోతుంది.

ముసలితనం అన్నాను కాబట్టి అది కూడా చూపిస్తాను. పక్కగోడ మీద డాట్ (DOT) అనే ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలుంటాయి. ఒక్కోసారి అవి బండి లోపలివైపు పడతాయి, మోకాళ్ళ మీద కూర్చుని ఫోన్ టార్చి వేసుకోవాలి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. మూడే అంకెలున్నాయంటే అది 2000కి ముందుది, తీసి పక్కన పెట్టండి. రబ్బరు వాడకపోయినా పాతబడుతుంది, వేడికీ గాలిలోని ఆక్సిజన్‌కీ లోపల్లోపల గట్టిపడి, పక్కగోడ మీద గోరుతో గీరితే తెలిసే సన్న బీటలు వస్తాయి. ఇంకో సంగతి, పగుళ్ళు రాకుండా టైరులో కలిపే మైనంలాంటి పదార్థాలు టైరు తిరుగుతూ నలుగుతుంటేనే సరిగ్గా పైకి వస్తాయి, కదలకుండా పడున్నదానికి ఆ భాగ్యం లేదు. చాలా కార్ల కంపెనీలు ఆరేళ్ళకి మార్చమంటాయి, టైర్ల కంపెనీలు గాడి ఎంత ఉన్నా పదేళ్ళు దాటనివ్వద్దంటాయి. 2013లో హాలీవుడ్ నటుడు పాల్ వాకర్ చనిపోయిన ప్రమాదంలో ఆ కారు టైర్లు తొమ్మిదేళ్ళ పాతవని దర్యాప్తులో తేలింది, అతివేగం ఎలాగూ ఉంది, దానికి ఇది తోడైంది. "ఒక్క కిలోమీటరు తిరగని టైరండీ" అని డిక్కీలోంచి ఎనిమిదేళ్ళ స్టెప్నీ తీసి ముందు చక్రానికి బిగించేవాళ్ళని చూస్తే నాకు టెన్షన్ వచ్చేది ఇందుకే.

ఎలా తిప్పాలి? ముందు చక్రాలు లాగే బండికి, అంటే చిన్న కార్లలో చాలావాటికి, సాధారణంగా చెప్పే వరస ఇది. ముందు ఎడమది తిన్నగా వెనక ఎడమకి పోతుంది. వెనక ఎడమది అడ్డంగా ముందు కుడికి వస్తుంది. ముందు కుడిది డిక్కీలోకి. డిక్కీలోది వెనక కుడికి, వెనక కుడిది ముందు ఎడమకి. ఇలా ఐదుసార్లు తిరిగేసరికి ప్రతి టైరూ అన్ని చోట్లా ఒక్కో వంతు పనిచేసి ఒక వంతు విశ్రాంతి తీసుకుంటుంది. స్టెప్నీ కుడివైపే ఎందుకు దిగాలంటే పెద్ద రహస్యమేమీ లేదు, ప్రతిసారీ ఒకే పద్ధతి పాటించాలి, అంతే, మధ్యలో ఒకసారి తారుమారైతే లెక్క మొత్తం పోతుంది. వెనక చక్రాలు లాగే బండికి వరస వేరు, మీ బండి మాన్యువల్‌లో బొమ్మ ఉంటే దాన్నే నమ్మండి. పక్కగోడ మీద బాణం గుర్తు ఉన్న టైర్లయితే ఒకే దిక్కున తిరగాలి, వాటిని ఎడమ నుంచి కుడికి మార్చకూడదు, కాబట్టి ఐదుతో ఈ ఆట కుదరదు, అదే వైపు ముందూ వెనకా మార్చుకోవడమే. ముందు ఒక సైజు వెనక ఒక సైజు ఉన్న బండ్లకీ ఇది కుదరదు.

తిప్పే ముందు అరిచేత్తో టైరు మీద అడ్డంగా ఒకసారి నిమరండి. ఒకవైపు నుంచి నిమిరితే నున్నగా, తిరగేసి నిమిరితే గీరుకున్నట్టు తగిలితే అలైన్‌మెంట్, అంటే చక్రాలు నిలబడే కోణం, పోయింది. నడిమధ్య అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ. ఇవేవీ సరిచేయించకుండా టైర్లు మారిస్తే చెడిపోయే వంతు ఇంకో టైరుకి వస్తుంది, అంతే తేడా.

సర్వీస్ సెంటర్ల సంగతీ చెప్పాలి. నేను బండి ఇచ్చే చోట ఒకసారి బిల్లులో టైర్ రొటేషన్ అని వేసి డబ్బు తీసుకున్నారు. నాకు అనుమానం ఎక్కువ కాబట్టి, ఇచ్చేముందే ఒక్కో టైరు మీద గాలి వాల్వు పక్కన తెల్ల మార్కరుతో ముఎ, ముకు, వెఎ, వెకు అని రాశాను, స్టెప్నీ మీద 5 వేశాను. బండి తిరిగొచ్చాక చూస్తే ముఎ ముందు ఎడమనే ఉంది, మిగతావీ ఎక్కడివక్కడే. ఫోన్ చేస్తే "సార్, స్టెప్నీ తప్ప అన్నీ మార్చాం" అన్నాడు! అప్పట్నుంచి బండి ఇచ్చేటప్పుడే ఫారం మీద ఐదు టైర్ల రొటేషన్ అని రాయించుకుంటున్నాను. నోటితో చెబితే చాలదు, వాళ్ళకి అలవాటు నాలుగే, పైగా ఐదోది తీయాలంటే డిక్కీ ఖాళీ చెయ్యాలి. పెద్ద బండ్లలో అది అడుగున గొలుసుకో కేబుల్‌కో వేలాడుతుంటుంది, ఏళ్ళ తరబడి దించకపోతే ఆ కేబుల్ బురదకి తుప్పుపట్టి అవసరమైన రోజు దిగనే దిగదు, ఐదు తిప్పేవాళ్ళకి ఆ బాధ కూడా తప్పుతుంది.

గాలి ఒత్తిడి చూపించే సెన్సర్లున్న కార్లయితే స్టెప్నీలో ఆ సెన్సర్ ఉందో లేదో ముందే కనుక్కోండి. లేకపోతే దాన్ని కిందికి దించిన రోజు నుంచి డాష్‌బోర్డులో లైటు వెలుగుతూనే ఉంటుంది. ఉన్నా సరే, స్థానాలు మారాక సిస్టమ్‌ని రీసెట్ చేయించాలి, లేకపోతే వెనక టైరులో గాలి తగ్గితే ముందుదని చూపించే ప్రమాదముంది. ముందుకీ వెనక్కీ గాలి వేరువేరుగా ఉండే బండికి డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు చూసి మళ్ళీ పట్టించాలి. డిక్కీలోకి వెళ్ళినదానికి ఆ స్టిక్కరులో ఉన్న ఎక్కువ అంకె పట్టించి ఉంచండి, కూర్చున్న టైరులోంచి కూడా నెలకి ఒక పీఎస్ఐ దాకా పోతుంది, తగ్గించుకోవడం తేలిక గానీ దారి మధ్యలో పెంచుకోవడం కష్టం.

చివరగా నట్లు. గాలి గన్నుతో టకటకా బిగించి పంపేస్తారు. ఎంత బిగువో కొలిచి చూపించే టార్క్ రెంచితో, మాన్యువల్‌లో రాసిన కొలతకి, ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురుగా బిగించమని అడగండి. ఆ తర్వాత 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి ఐదు నిమిషాలు ఆగి అన్నీ సరిచూసుకోండి, అల్లాయ్‌లైతే తప్పనిసరిగా.

ఇట్లు
మీ పత్రిక పాఠకుడు