మే మొదట్లో మ్యూరెన్ టూర్ ఇక ఉండదు

నమస్కారమండీ. వేసవి సెలవుల స్విస్ టూర్‌కి బుకింగులు ఎప్పుడు మొదలుపెడతారని చాలామంది అడుగుతున్నారు. ఇకపై మే మొదటి పక్షంలో మ్యూరెన్‌కి ఎవరినీ తీసుకెళ్లం. పిల్లలకు సెలవులు అప్పుడే, మాకు నాలుగు డబ్బులు వచ్చేదీ అప్పుడే. అయినా సరే.

మ్యూరెన్ లౌటర్‌బ్రున్నెన్ లోయ పైన, సుమారు 1,640 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న ఊరు. అక్కడికి కార్లు రావు, కేబుల్ కార్‌లో ఎక్కాల్సిందే. ఎదురుగా ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రావ్ శిఖరాలు వరసగా నిలబడి ఉంటాయి. మన దగ్గర ఎండలు మండే మే మొదట్లో ఆ ఊళ్లో స్కీయింగ్ సీజన్ అయిపోయి ఉంటుంది, వేసవి సీజన్ ఇంకా మొదలవదు. చాలా హోటళ్లు మూసేస్తారు. కేబుల్ కార్ల మరమ్మతులు కూడా ఇలాంటి ఖాళీ రోజుల్లోనే పెట్టుకుంటారు. ఊళ్లో మంచు కరిగి బురద, పైదారుల్లో మాత్రం ఇంకా మంచు. పిల్లలు ఆడుకోవడానికీ కుదరదు, పెద్దలు నడవడానికీ కుదరదు. నవంబరులోనూ ఇదే పరిస్థితి. అప్పోసప్పో చేసి వచ్చే కుటుంబానికి ఇది చూపించడానికి మాకు మనసొప్పడం లేదు.

బడి పిల్లలున్నవాళ్లకి జూన్ మొదటి వారం నయం. కరిగే మంచుతో లోయలో జలపాతాలు జోరుగా దూకుతుంటాయి, స్టౌబాఖ్ ఒక్కటే దాదాపు 300 మీటర్లు. ఎత్తైన దారులు కొన్ని అప్పటికి తెరుచుకోవు, ఆ సంగతి ముందే చెబుతున్నాం. పూలు చూడాలంటే జూన్ చివర నుంచి జులై దాకా రావాలి. ఆవుల్ని పైమేతకు తోలేది కూడా జూన్‌లోనే.

నన్నడిగితే సెప్టెంబరు. పైమేత నుంచి ఆవుల్ని పూలతో, పెద్ద గంటలతో అలంకరించి ఊళ్లలోకి దింపుతారు. ఆకాశం తేటగా ఉంటుంది, రద్దీ తగ్గుతుంది. దసరా సెలవులు ముందుగా వచ్చిన ఏడాది మనకూ కలిసొస్తుంది. ఊరంతా మంచులో మునిగి ఉండగా చూడాలనుకునేవాళ్లు జనవరిలో రండి, కానీ ఉన్ని బట్టలు, జారని బూట్లు తప్పనిసరి. ఊళ్లో దారులు ఏటవాలుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు వస్తుంటే ముందే చెప్పండి, స్టేషన్ దగ్గర్లో గది చూస్తాం.

మే టూర్‌కి అడ్వాన్స్ కట్టినవాళ్లు తేదీ మార్చుకోవచ్చు, లేదంటే మొత్తం డబ్బు వెనక్కి ఇస్తాం. ఏది కావాలో ఈ నెలాఖరులోగా ఫోన్ చేసి చెప్పండి.