బోరుకి తొందరపడకు సీనూ

గూడూరు

ప్రియమైన సీనూ,

పెద్దమ్మకి మోకాళ్ల నొప్పులు తగ్గాయా? నిమ్మచెట్లు ఎండిపోతున్నాయని నీ ఫోన్ వచ్చినప్పటి నుంచి నాకూ టెన్షన్‌గానే ఉంది. మీ నాన్న చేత్తో పెట్టిన చెట్లురా అవి. కానీ అప్పు తెచ్చి ఇంకో బోరు వేస్తానన్నావే, అది నాకు నచ్చలేదు.

"డ్రిప్ వదులుతూనే ఉన్నా, ఎందుకు చస్తున్నాయి?" అన్నావు. నేలలో తడి తగ్గిన మాట నిజమే. దానికి తోడు పైనుంచి గాలి కూడా లాగేస్తోంది. 30 డిగ్రీల్లో ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. 40 డిగ్రీలకి అది 51 గ్రాములవుతుంది. వేడి పెరిగి తేమ పెరగకపోతే ఆ లోటుకి గాలి ఆకునీ మట్టినీ పీల్చేస్తుంది. మాకు మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి తిరుగుతుంది. మీ ఉదయగిరి వైపు దాకా అది ఎక్కడొస్తుంది? రోహిణి కార్తెలో పడమటి గాలి కొడితే వానలు బాగా పడిన ఏడాదైనా చెట్టు వాడిపోతుంది. ఇక కరువులో చెప్పాలా!

అప్పుడు చెట్టు ఆకుల్లోని సన్న రంధ్రాలు మూసేసుకుంటుంది. నీళ్లు కొంత మిగులుతాయి గానీ, తిండి తయారవదు. రాత్రిళ్లు కూడా ఉక్కపోస్తుంటే దాచుకున్న పిండిపదార్థం ఇంకా త్వరగా కరిగిపోతుంది. మూసుకున్నా ఆకుల్లోంచి, బెరడులోంచి తడి పోతూనే ఉంటుంది. లాగుడు మరీ ఎక్కువైతే కాండంలో నీరెక్కే గొట్టాల్లో గాలి బుడగలు చేరతాయి. మోటారు గాలి పట్టేస్తే నీళ్లెత్తదు చూడు, అలాగే. ఆ తర్వాత పాదు నిండా నీళ్లు పెట్టినా ఆ కొమ్మకి అందవు. నీరసించిన చెట్టుని బెరడు తొలిచే పురుగు కూడా సులువుగా పట్టుకుంటుంది. కార్తీకంలో వానలు పడ్డాక కూడా రెండు చెట్లు పోయాయన్నావు కదా, నాకైతే ఆ వేసవి దెబ్బే అనిపిస్తోంది.

అందుకే ముందు ఉన్న తడిని కాపాడుకో. పాదుల్లో వరిగడ్డి గానీ వేరుశనగ పొట్టు గానీ మందంగా పరుచు. డ్రిప్ రాత్రిపూట వదులు. కాయ దులిపెయ్, ఈ ఏడాదికి చెట్టు బతకడం ముఖ్యం. ఎండ తగిలే మొదళ్లకి సున్నం పుయ్యి. పడమటి గట్టు మీద గాలికి అడ్డంగా సరుగుడు నాటుదాం, అది వచ్చే వానలకి.

ఎండిందనుకున్న ప్రతి కొమ్మనీ గోటితో గీకి చూడు. లోపల పచ్చగా ఉంటే కొట్టెయ్యకు. ఆదివారం నేనొస్తా, ఇద్దరం కలిసి చూద్దాం. అప్పటిదాకా బోరు బండి వాళ్లకి అడ్వాన్సు ఇవ్వకు.

నీ
రమణ