ఎనిమిది ఫ్యాక్టోరియల్ మైనస్‌లో వచ్చిన రోజు

బావా,

ఉత్తరం అందింది. ఫస్టియర్ ల్యాబులో ఏ సాఫ్ట్‌వేర్ వేయించమంటావని అడిగావుగా, ముందు మా ల్యాబు భాగోతం విను.

మొన్నమొన్నటి దాకా మాది టర్బో సీనే, అదే సీ భాషలో ప్రోగ్రాములు రాసి నడిపే పాత సాఫ్ట్‌వేర్. ఆ నీలం తెర గుర్తుందా? ఒకే సిస్టమ్ ముందు ఇద్దరం ఇరుక్కుని కూర్చునేవాళ్లం! ఇప్పటి విండోస్‌లో అది నేరుగా నడవదు, పాత డాస్ ప్రోగ్రాములు నడిపే డాస్‌బాక్స్‌లో పెట్టి నడిపించాలి. అయినా మా సీనియర్ లెక్చరర్లు వదిలితేగా. ఓ రోజు ఒకమ్మాయి ఫ్యాక్టోరియల్ (1 నుంచి ఆ సంఖ్య దాకా అన్నిటినీ గుణించడం) ప్రోగ్రాం రాసింది. 7 దాకా బాగానే వచ్చింది. 8 ఇస్తే -25216! గంటసేపు లూపు వెతుక్కుంది పాపం. లూపులో ఏ తప్పూ లేదు. టర్బో సీలో పూర్ణసంఖ్యలు దాచే ఇంట్ అంటే రెండే బైట్లు, 32767 దాటితే పట్టదు. రావాల్సింది 40320. అదే ప్రోగ్రాం ఇప్పటి కంపైలర్ (కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చేది) జీసీసీలో 12 దాకా సరిగ్గా చెప్తుంది. 13 దగ్గర అదీ బోల్తా కొడుతుందనుకో. దానికి తోడు వీళ్లు అలవాటు పడ్డ క్లియర్‌స్క్రీన్, గెట్‌చ్ లాంటి టర్బో సీ కమాండ్లు బయట ఆన్‌లైన్ పరీక్షలో ఎర్రర్లే.

సరే, వీఎస్ కోడ్ అనే ఎడిటర్ పెడదామన్నారు కుర్ర లెక్చరర్లు. మంచిదే, కాదనను. కానీ కంపైలర్ విడిగా వేసుకోవాలి, అది ఎక్కడుందో విండోస్‌కి చెప్పే పాత్ సెట్ చేయాలి, ఎక్స్‌టెన్షన్లు పెట్టాలి. మొదటి వారం ల్యాబంతా దానికే సరి. పైగా సజెషన్లు ఆపకపోతే పిల్లాడు 'ఫర్' అని కొట్టేలోపే మిగతాది అదే రాసిపెడుతుంది. ఇక వాడు నేర్చుకునేదేముంది?

చివరికి సీకి కోడ్‌బ్లాక్స్ పెట్టాం. మింగ్‌డబ్ల్యూ (విండోస్‌లో నడిచే జీసీసీ) ఉన్న సెటప్ వేస్తే కంపైలర్ దాంతోనే వచ్చేస్తుంది. ఎఫ్9 నొక్కితే నడుస్తుంది, అంతే.

పైథాన్‌కి మాత్రం థానీ, ఇంకో మాట లేదు. ఎస్టోనియాలో టార్టు యూనివర్సిటీ వాళ్లు కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమే చేశారు. పైథాన్ కూడా అందులోనే ఉంటుంది. మొన్న ఒకబ్బాయి రెండు ఇన్‌పుట్లు తీసుకుని 2, 3 కూడితే 23 వచ్చిందని తల పట్టుకున్నాడు. కంట్రోల్ ఎఫ్5 కొట్టి, ఎఫ్7తో ఒక్కో అడుగూ వేయించా. కూడిక చిన్న పెట్టెలో విడిగా కనిపించింది: '2' + '3'. మరో అడుగుకి అది '23' అయింది. "సార్, కోట్స్ ఉన్నాయి!" అని అరిచాడు. అంటే అవి అంకెలు కాదు, అక్షరాలు; కూడకుండా పక్కపక్కన అతికించిందన్నమాట. నేను నోరు విప్పలేదు, ఒట్టు.

మీ సిస్టమ్స్‌లో ర్యామ్ ఎంత, ల్యాబులో నెట్ ఉందా లేదా వెంటనే రాయి. లేకపోతే రెండు సెటప్‌లూ పెన్‌డ్రైవ్‌లో వేసి పంపిస్తా. పోయినసారిలా పెన్‌డ్రైవ్ కొట్టేయకు. అత్తయ్య మోకాలి నొప్పి తగ్గిందా?

నీ బావ