ఆ గ్యాస్ బిళ్ళల సంగతి

చిరంజీవి చిన్నాకి,

అమ్మ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్నగారి బీపీ అదుపులోనే ఉంది, పొద్దున వాకింగ్ మానలేదు. నానమ్మకి కొత్త పళ్ళసెట్టు పెట్టించాం, బిగుతుగా ఉందని తీసి డబ్బాలో దాచేస్తోంది. మొన్నటి గాలివానకి పెరట్లో మునగచెట్టు సగం విరిగింది. మిగిలిన సగం విరగకాసింది, వీధిలో అందరికీ పంచుతున్నాను.

ఫోన్‌లో మాట్లాడదామంటే మీటింగ్ అంటావు. వాట్సాప్‌లో అడిగితే నీలం టిక్కులు పడతాయి గానీ జవాబు రాదు. అందుకే కాగితం తీశాను. తీరిక దొరికినప్పుడే చదువు, కానీ మొత్తం చదువు.

రైతుబజార్లో నీ రూమ్మేట్ వాళ్ళమ్మ కనపడింది. బీరకాయలు ఏరుకుంటూ మామూలు మాటల్లో చెప్పింది. మీ వాడికి కడుపులో మంటట కదండీ, పొద్దున్నే గ్యాస్ బిళ్ళ వేసుకోనిదే కాఫీ కూడా తాగడట, దిండు పక్కన ఆ గులాబీరంగు మందు సీసా ఎప్పుడూ ఉంటుందట అని. చాలా నెలల నుంచీ ఇదే వరసట. ఆవిడకి తెలిసిన సంగతి నాకు తెలియదు. సరే, దాని గురించి నిన్ను నిలదీయడానికి రాయడం లేదు. ఇంటి కబుర్లు చెప్పి చాలా రోజులైంది కదా, అందుకు.

అక్కావాళ్ళు పోయిన ఆదివారం వచ్చి వెళ్ళారు. బుజ్జిది ఇప్పుడు ఎక్కాలు గడగడా చెబుతోంది. బావగారికి కంపెనీ హెల్త్ చెకప్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1 అని వచ్చిందట. ఎవరో చెప్పారని లివర్ టానిక్ సీసాలు తెచ్చుకున్నాడు. టానిక్ వల్ల కాదు బాబూ, నడుము దగ్గర తగ్గాలి అని చెప్పాను. మన దేశంలో మగవాళ్ళకి నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదంటారు. అతను టేపు పెట్టి చూసుకుని కాసేపు మాట్లాడలేదు. ఉన్న బరువులో నూటికి ఏడు నుంచి పది వంతులు తగ్గితే లివర్‌లో చేరిన కొవ్వు, వాపు కూడా తగ్గుతాయి. అక్కతో చెప్పి రాత్రి అన్నం తగ్గించి కూర పెంచమన్నాను. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండాలంటారు. మనమేమో కంచం నిండా అన్నం పెట్టుకుని పక్కన చెంచాడు కూర వేసుకుంటాం. ఆ పైన మలబద్ధకం, మొలలు అని ఏడుస్తాం.

బావగారు తగ్గాలి. నువ్వు మాత్రం ఎందుకు తగ్గావు? పిన్నివాళ్ళ గృహప్రవేశం ఫోటోల్లో నీ చొక్కా కాలరు మెడకి ఆనడం లేదు. ఆ నీలం చొక్కా పోయిన సంక్రాంతికి నేనే కొన్నాను, అప్పుడు సరిగ్గా సరిపోయింది. డైటింగ్ చేస్తే చెప్పు, నాకు సంతోషమే. ఏమీ చేయకుండా తగ్గితే అది వేరే సంగతి. అన్నేళ్ళు వార్డులో పని చేసిన దాన్ని, బరువు దానంతటదే తగ్గిందంటే ఊరుకోలేను.

నీకు దుగ్గిరాల మామయ్య గుర్తున్నాడా? నువ్వు ఇంటర్‌లో ఉన్నప్పటి సంగతి ఇది, నీకు పూర్తిగా చెప్పలేదు. పసుపు యార్డులో పొద్దస్తమానం నిలబడే పని, మోకాళ్ళ నొప్పులు. మందుల షాపులో నొప్పి బిళ్ళలు అడిగి తెచ్చుకుని రోజూ వేసుకునేవాడు. కొన్నాళ్ళకి కడుపులో మంట, పులితేన్పులు మొదలయ్యాయి. అందరూ కారం వల్లే అన్నారు. మన గుంటూరు జిల్లాలో కడుపు ఎక్కడ నొప్పి పెట్టినా మిరపకాయ మీదకే తోస్తారు. ఆవకాయ మానేశాడు, గోంగూర మానేశాడు. పెళ్ళిళ్ళలో కూడా పెరుగన్నం మాత్రమే కలుపుకుని లేచేవాడు, అత్తయ్య చూసి బాధపడేది. నోరు కట్టుకున్నాడు గానీ నొప్పి బిళ్ళ మానలేదు. దాని మీద ఎవరికీ అనుమానమే రాలేదు. పైగా అన్నం తిన్నాకే వేసుకుంటున్నాను, నాకేం కాదు అనేవాడు. ఆ బిళ్ళ కడుపులో పడ్డచోటే కాదురా పాడుచేసేది. రక్తంలో కలిశాక కడుపు లోపలి పొరని కాపాడే పదార్థాలు తయారు కాకుండా ఆపేస్తుంది. తిన్నాక వేసుకున్నా, ఇంజెక్షన్‌గా చేయించుకున్నా అంతే.

తర్వాత మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. వయసు అనుకున్నారు. విరేచనం నల్లగా, తారులాగా జిగటగా అవుతోందని ఆయన ఎవరికీ చెప్పలేదు. అలాంటివి నోరు తెరిచి చెప్పడానికి మన మగవాళ్ళకి సిగ్గు. ఒకరోజు తెల్లవారుజామున బాత్రూంలో పడిపోయాడు. ఆటోలో మా ఆసుపత్రికి తెచ్చారు, ఆ రాత్రి డ్యూటీ నాదే. కింది కనురెప్ప లాగి చూస్తే ఎర్రదనం జాడ లేదు. గోళ్ళు పాలిపోయి ఉన్నాయి, చెయ్యి చల్లగా ఉంది, నాడి పరిగెడుతోంది. హిమోగ్లోబిన్ 5 వచ్చింది. రక్తం ఎక్కిస్తూనే గుంటూరు పంపాం. అక్కడ గొట్టం వేసి చూస్తే చిన్నపేగు మొదట్లో పుండు, అందులోంచి రక్తం కారుతోంది. గొట్టంలోంచే ఇంజెక్షన్ చేసి, క్లిప్పు వేసి ఆపారు. అత్తయ్య ఆ వరండాలో నా చెయ్యి పట్టుకుని "ఆవకాయ ముట్టి ఎన్నాళ్ళయిందో వదినా, ఇలా ఎందుకయింది?" అని ఒకటే అడుగుడు.

అక్కడే ఇంకో సంగతి బయటపడింది. కడుపులో హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా కూడా ఉంది. పూర్వం డాక్టర్లు కూడా అల్సర్ అంటే కారం, టెన్షన్, యాసిడ్ అనేవాళ్ళు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అని ఇద్దరు డాక్టర్లు, కాదు, చాలావరకు ఈ క్రిమి వల్ల అన్నారు. ఎవరూ నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ క్రిమిని పెంచిన ద్రవాన్ని తనే తాగేశాడు. కొద్దిరోజులకే వాంతులు పట్టుకున్నాయి, గొట్టం వేసి చూస్తే కడుపంతా వాపు. 2005లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. మన దేశంలో ఈ క్రిమి చాలామంది కడుపులో ఉంటుంది, ఎక్కువమందికి ఏ ఇబ్బందీ పెట్టదు. దానికి నొప్పి బిళ్ళలు తోడైతే పుండు పడే ప్రమాదం పెరుగుతుంది. మామయ్యకి రెండు వారాలు యాంటీబయాటిక్స్ ఇచ్చారు, నొప్పి బిళ్ళలు మాన్పించారు. ఇప్పుడు చూడు, ప్రతి వేసవికీ మనింటి జాడీలోంచే ఆవకాయ పట్టుకుపోతాడు. కారం ఉన్న మంటని పెంచుతుంది, నిజమే. పుండుని మాత్రం అది పుట్టించదు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, నైట్ షిఫ్ట్ దిగాక తలనొప్పికి నువ్వు బిళ్ళ వేసుకుంటావు కదా, అది ఏ బిళ్ళ? రేకు ఫోటో తీసి పంపు. పారాసెటమాల్ అయితే కడుపు జోలికి అంతగా పోదు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ ఇవన్నీ మామయ్య బాపతే. పేర్లు రేకు వెనకాల చిన్న అక్షరాల్లో ఉంటాయి, రెండు మూడు మందులు కలిపినవి కూడా ఉంటాయి. చదివి చూసుకో.

ఇక పొద్దున వేసుకునే ఆ గ్యాస్ బిళ్ళ, అదే ప్యాంటోప్రజోల్ సంగతి. అది చెడ్డ మందని నేననను. మామయ్యకి అదే ఇచ్చారు, అవసరమైన వాళ్ళు డాక్టరు చూస్తుండగా ఏళ్ళ తరబడి వాడతారు. కానీ ఎవరికి వాళ్ళు కొనుక్కుని నెలలు గడిపే మందు కాదది. కడుపులో యాసిడ్ తయారుచేసే కణాలని అది మూసేస్తుంది, అందుకే తినడానికి అరగంట ముందు వేసుకోమంటారు. చాలాకాలం వాడితే కొందరికి ఒంట్లో బీ12 విటమిన్, మెగ్నీషియం తగ్గుతాయి. ఒక్కసారిగా ఆపేస్తే యాసిడ్ అంతకు ముందుకన్నా ఎక్కువగా ఊరుతుంది. బిళ్ళ మానితే మంట తిరగబెడుతోంది, కాబట్టి నాకు బిళ్ళ కావాల్సిందే అని నువ్వనుకుంటున్నావేమో. మానిన కొత్తలో వచ్చే మంటలో కొంత ఆ మానడం వల్లే వస్తుంది. అలాగని ఈ ఉత్తరం చూసి రేపే ఆపేయకు. ఎలా తగ్గించాలో డాక్టరు చెబుతాడు. ఇంకోటి, ఈ బిళ్ళ వేసుకుంటూ పరీక్ష చేయించుకుంటే ఆ క్రిమి ఉన్నా దొరక్కపోవచ్చు. సాధారణంగా రెండు వారాల ముందు ఆపమంటారు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడుగు, మర్చిపోకు.

నీ పద్ధతి కూడా చెప్పుకోవాలి. అర్ధరాత్రి రెండింటికి యాప్‌లో బిర్యానీ, దాని మీద కూల్‌డ్రింకు, మూడింటికి కాఫీ, ఐదింటికి పడక. అన్నవాహికకి, కడుపుకి మధ్య ఒక కండరం కవాటంలా మూసుకుంటుంది. సిగరెట్టు, మద్యం, బాగా నూనె పట్టిన తిండి దాన్ని వదులు చేస్తాయి. (సిగరెట్టు గురించి నేను అడగను. నువ్వే చెప్పు.) కడుపు నిండా తిని పడుకుంటే లోపలిది పైకి ఎగదన్నక ఏం చేస్తుంది? తిన్నాక రెండు మూడు గంటలు ఆగి పడుకో. ఎడమవైపు తిరిగి పడుకుంటే కొంత నయం. దిండు మీద దిండు వేసుకుంటే నడుము దగ్గర మడత పడి కడుపు మీద ఇంకా ఒత్తిడి. మంచానికి తలవైపు కాళ్ళ కింద ఇటుకలు పెట్టు. మీ ఇంటి ఓనరుని అడిగితే ఇస్తాడు, లేకపోతే పక్కన కట్టే బిల్డింగ్ దగ్గర అడుగు. షిఫ్ట్‌కి వెళ్ళే ముందు ఇంట్లో తినేసి వెళ్ళు. మధ్యలో ఆకలేస్తే మజ్జిగ, అరటిపండు, రెండు ఇడ్లీలు చాలు. పాలు తాగితే ఉబ్బరం అనిపిస్తే పాలు మానేసి పెరుగు వాడు, మనవాళ్ళలో చాలామందికి పాలు పడవు.

ఇదంతా ఒట్టి మంట అయితేనే. మింగేటప్పుడు అన్నం గొంతు కిందో, ఛాతీ దగ్గరో ఆగినట్టుంటుందా? ముద్ద ముద్దకీ నీళ్ళు తాగాల్సి వస్తోందా? విరేచనం నల్లగా ఉందా? ఐరన్ బిళ్ళలు వేసుకున్నా నల్లగా అవుతుంది, అందుకు అడుగుతున్నాను. వాంతిలో రక్తం గానీ కాఫీపొడి రంగు గానీ కనబడిందా? వీటిలో ఒక్కటున్నా, బరువు తగ్గడం ఒక్కటే ఉన్నా, ఇటుకలూ మజ్జిగా పక్కన పెట్టు, గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళ్ళు. మంటతో పాటు చెమటలు పట్టి, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకితే సీసా ఎత్తకు, 108కి ఫోన్ చెయ్యి. అది గ్యాసో గుండెనొప్పో ఆసుపత్రిలో ఈసీజీ, మిగతా పరీక్షలు చేశాకే తేలేది. తాతయ్య ఎలా పోయారో నీకు తెలుసు కదా. ఆ రాత్రి కూడా అందరూ సోడా పట్టించారు.

నీకు ముప్పై ఏళ్ళు. ఈ వయసులో ఎక్కువగా చిన్నవే ఉంటాయి, నాకూ తెలుసు. చూపించుకుంటే చిన్నదని తేలుతుంది, నేను నిద్రపోతాను.

ఎండోస్కోపీ అన్నారనుకో, అంటే మామయ్యకి గొట్టం వేసి చూశారే అదే, భయపడకు. గొంతులో మొద్దుబారే మందు కొడతారు, పది పదిహేను నిమిషాల పని. దానికి ముందు కనీసం ఆరు గంటలు ఏమీ తినకూడదు. మత్తిస్తే ఆ రోజు బండి నడపకూడదు, వెంట మనిషి ఉండాలి. రూమ్మేట్‌కి సెలవు దొరకదంటావు, తెలుసు. అందుకే నాన్నగారు శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌కి నాకు టికెట్ చూస్తున్నారు. వచ్చే శుక్రవారం బయల్దేరదామనుకుంటున్నాను. ఈలోగా అపాయింట్‌మెంట్ నువ్వు తీసుకుంటే శనివారానికి తీసుకో, లేకపోతే వచ్చాక నేనే తీసుకుంటాను. కారప్పొడి తేను, నెయ్యి, మునక్కాయలు తెస్తాను. మీ గదిలో కుక్కర్‌కి గాస్కెట్ పోయిందన్నావు, ఎన్ని లీటర్లదో మెసేజ్ పెట్టు, ఇక్కడే కొనేస్తాను.

మీ అమ్మ